ఐరోపా సహజవాయు మార్గములు – ఉమ్మడి నియమములు

మన ఇండ్లలో వంటకు వాడు వాయువు చాలవరకు సిలిండరులో బంధింపబడి వచ్చును. అయిపోయిన నాడు మరియొకటి తెప్పించుకొందుము. అంతవరకు పొరుగింటి సిలిండరు అరువు తెచ్చుకొనుటయు కద్దు. ఐరోపా ఖండములో కోట్లాది కుటుంబములకు వాయువు నేలలో పాతిన గొట్టముల ద్వారా వచ్చును. అక్కడ దాని ఉపయోగము వంటతో ముగియదు. చలికాలములో ఇల్లు వెచ్చగా నుండుట, స్నానమునకు నీరు కాగుట, గాజు కొలుములు, ఎరువుల కర్మాగారములు నడచుట, కొంత విద్యుత్తు పుట్టుట దానిపై ఆధారపడి యున్నవి. గొట్టములో వాయువు ఆగినచో పొరుగింటి నుండి అరువు దొరకదు, ఏలయన పొరుగింటిలోను అదే గొట్టము. పొరుగు దేశము నుండి తెచ్చుకొనవచ్చునా యన్నదే ప్రశ్న. చూచుటకు మిక్కిలి సులభముగా దోచు ఈ ప్రశ్నకు ఐరోపా వారు ఇన్నేండ్లుగా సమాధానము వెదకుచునే యున్నారు. ఆ వెదకులాట కథను విద్యార్థి మిత్రులకు వివరింపదలచితిమి.

1959లో నెదర్లాండ్సు దేశపు ఉత్తర భాగమున, గ్రోనింగెన్ మండలములోని స్లోఖ్టెరెన్ గ్రామము వద్ద బ్రహ్మాండమైన వాయు నిక్షేపము బయటపడినది. అంతకు ముందు ఐరోపా పట్టణములలో ఎక్కువగా బొగ్గు నుండి తీసిన వాయువే వాడుకలో నుండెను. గ్రోనింగెన్ వాయువు స్వదేశమునకే గాక బెల్జియమునకు, జర్మనీకి, ఫ్రాన్సుకు కూడ పారినది. సోవియట్ వాయువు 1968లో ఆస్ట్రియాకు, 1973లో పశ్చిమ జర్మనీకి చేరినది. నార్వే సముద్ర గర్భము నుండి ఒకటి, అల్జీరియా నుండి మధ్యధరా సముద్రము క్రిందుగా మరియొకటి, ఇట్లు మార్గములు ఒక్కొక్కటిగా ఏర్పడినవి. ప్రతి మార్గము వెనుకను ఒక విక్రేత, ఒక కొనుగోలుదారు, ఇరువది ఇరువదియైదు ఏండ్ల ఒప్పందము ఉండెడివి. ఎవరి గొట్టము వారిది, ఎవరి కొలత వారిది. దేశపటము మీద చూచిన ఒకే వల వలె కనిపించును. నిజమునకు అది పక్కపక్కన పరచిన త్రాళ్ల వంటిది. ముడులు లేవు.

ఇచ్చట వాయువు నడక గురించి ఒక మాట చెప్పవలెను. వాయువు ఒత్తిడి ఎక్కువైన చోటి నుండి తక్కువైన చోటికి పోవును. దూరము పోయిన కొలది ఒత్తిడి తగ్గును గనుక దారిలో అక్కడక్కడ కంప్రెసర్ కేంద్రములు నిలిపి మరల ఒత్తిడి నెక్కింతురు. ఆ కంప్రెసర్లు, కవాటములు, కొలత యంత్రములు అన్నియు ఏ దిక్కుగా వాయువు పోవలెనో ఆ దిక్కునకే అమర్పబడి యుండును. తూర్పు నుండి పడమరకు పంపుటకు కట్టిన గొట్టములో పడమర నుండి తూర్పునకు పంపవలెనన్నచో గొట్టము అదే చాలును గాని, ఈ అమరిక యంతయు మార్చవలెను. దానికి ధనము కావలెను, కాలము కావలెను, అన్నింటిని మించి ఎవరు ఖర్చు పెట్టవలెనో తేలవలెను.

2009 జనవరిలో ఈ విషయము అందరికిని తెలిసివచ్చినది. వాయువు ధర, బకాయిల విషయమై రష్యాకు ఉక్రెయినునకు తగవు వచ్చి, జనవరి 1న ఉక్రెయిను వాడుకకు ఇచ్చు వాయువును రష్యా నిలిపివేసినది. ఆరవ తేదీన బాల్కను దేశములకు, ఏడవ తేదీన ఉక్రెయిను మీదుగా పోవలసిన మొత్తము వాయువు ఆగిపోయినది. మరల ప్రవాహము మొదలైనది ఇరువదవ తేదీననే. మంచు కురియు నడి జనవరిలో రెండు వారములు! బల్గేరియా తనకు కావలసిన వాయువులో దాదాపు అంతయు ఈ ఒక్క దారి మీదనే తెచ్చుకొనుచుండెను. అక్కడ ఇండ్లు చల్లబడినవి, పాఠశాలలు మూతపడినవి, కర్మాగారములు ఆగినవి. స్లొవేకియా అత్యవసర పరిస్థితి ప్రకటించి పెద్ద పరిశ్రమలకు వాయువు నిలిపివేసినది.

ఐరోపాలో ఆ రెండు వారములును వాయువు లేకపోలేదు. పశ్చిమ దేశముల భూగర్భ నిల్వలలో వాయువు ఉండెను. గ్రీసు దేశము నౌకల మీద ద్రవీకృత సహజవాయువు దింపుకొనుచుండెను. గ్రీసు, బల్గేరియాల నడుమ గొట్టమును ఉండెను. కాని ఆ గొట్టము ఉత్తరము నుండి దక్షిణమునకు, అనగా బల్గేరియా నుండి గ్రీసునకు, పంపుటకై కట్టినది. స్లొవేకియాకు చెక్ దేశము మీదుగా పడమటి వాయువును వెనుకకు మళ్లించుటకు ఇంజనీర్లు రాత్రింబవళ్లు పాటుపడి పద్దెనిమిదవ తేదీకి గాని సాధింపలేకపోయిరి. అనగా తగవు ముగియబోవు వేళకు! సరుకు ఉండి, దారి ఉండి, ఆపదలో నున్న వానికి చేరకపోవుట ఇటువంటిది. ఈ రెండు వారముల చలి తరువాత ఐరోపా సమాఖ్యలో ఈ విషయమై ఉదాసీనతకు తావు లేకపోయినది.

అప్పటికి ఉమ్మడి నియమముల ప్రయత్నము కొత్తది కాదు. 1998లోను 2003లోను వాయు విపణిని గూర్చి సమాఖ్య ఆదేశములు వెలువడినవి. 1999 నుండి నియంత్రణ అధికారులు, కంపెనీలవారు మాడ్రిడ్ నగరమున కూడి చర్చించుచుండిరి. చర్చలు సాగినవి, గొట్టముల యజమానులు తలలూపిరి, పని మాత్రము నెమ్మదిగా జరిగినది. 2009 జూలైలో మూడవ శాసన సముదాయము వచ్చినది. దానిలో మూడు ముఖ్య విషయములు కలవు. వాయువును అమ్ము వ్యాపారము నుండి గొట్టములను నడుపు వ్యాపారమును వేరు చేయవలెను, లేనియెడల గొట్టపు యజమాని పోటీదారునకు దారి ఇచ్చునా? దేశముల మధ్య రవాణా గొట్టములు నడుపు సంస్థలన్నియు ఒక సంఘముగా ఏర్పడి సాంకేతిక నియమావళిని రచింపవలెను. ఆ సంఘమే బ్రస్సెల్సులోని ఎంట్సాగ్. ఆ రచనను పరిశీలించి అభిప్రాయము చెప్పుటకు ఏసర్ అను నియంత్రణ అధికారుల సంస్థను స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో నెలకొల్పవలెను. అది 2011 మార్చిలో పని ప్రారంభించినది. ఎంట్సాగ్ వ్రాయును, ఏసర్ దిద్దును, సమాఖ్య కమిషన్, సభ్య దేశముల ప్రతినిధులు దానికి శాసనబలము చేకూర్తురు. ఇది క్రమము.

ఈ నియమావళిలో ఉన్నదేమి యని మన మిత్రులు అడుగవచ్చును. పెద్ద పెద్ద సిద్ధాంతములని ఊహించినవారికి నిరాశ కలుగును. మొదటి తగవు, దినము ఎప్పుడు మొదలగును అన్నది! వాయువు లెక్క రోజువారీగా జరుగును: ఇంత లోపల పోసితిమి, ఇంత బయటికి తీసితిమి అని. ఒక దేశములో ఆ దినము ఉదయము ఆరు గంటలకు, మరియొక దేశములో వేరొక వేళకు మొదలైనచో సరిహద్దు వద్ద లెక్క కుదరదు. మన సంచికనే చూడుడు: ఉర్దూ విభాగము ఒక అట్ట నుండి, తెలుగు విభాగము రెండవ అట్ట నుండి మొదలై నడుమ కలియును. 'పన్నెండవ పుట' అన్న మాత్రాన అచ్చు కూర్పరికి చాలదు. ఏ వైపు పన్నెండు అని అడుగును. ఐరోపావారు మధ్య ఐరోపా కాలమానములో ఉదయము ఆరు గంటలను వాయు దినారంభముగా నిర్ణయించిరి. అది చలికాలములో మన గడియారమున ఉదయము 10.30. బ్రిటను వారు అంతవరకు తమ ఆరు గంటలకు ప్రారంభించుచుండిరి. 2015 అక్టోబరు 1 నుండి ఐదు గంటలకు మార్చుకొనిరి. అటు తరువాత ఆ దేశము సమాఖ్యను విడిచిపోయినది గాని ఆ ఐదు గంటలు నిలిచియున్నవి.

రెండవది కొలత. వాయువు వేడికి వ్యాకోచించును, ఒత్తిడికి సంకోచించును. కావున ఒక ఘనపు మీటరు అన్న మాటకు, ఏ ఉష్ణోగ్రత వద్ద, ఏ ఒత్తిడి వద్ద అని చెప్పిన గాని అర్థము లేదు. 2015లో వెలువడిన నియమావళి సున్న డిగ్రీల సెంటిగ్రేడు, 1.01325 బార్ ఒత్తిడి అని స్థిరపరచినది. అంతకన్న ముఖ్యముగా, లెక్క ఘనపు మీటర్లలో గాక కిలోవాట్ అవర్లలో, అనగా దాని వేడి శక్తిని బట్టి, ఉండవలెనన్నది. ఏలయన అన్ని వాయువులును సమానము కావు. గ్రోనింగెన్ వాయువులో సుమారు 14 శాతము నత్రజని కలదు. అది తక్కువ వేడి నిచ్చును, దానికి తగిన పొయ్యిలు వేరు. రష్యా, నార్వేల వాయువును తిన్నగా ఆ పొయ్యిలకు పంపరాదు. నెదర్లాండ్సువారు మంచి వాయువులో కావలెనని నత్రజని కలిపి దాని బలము తగ్గించి ఇండ్లకు పంపుచున్నారన్నచో నవ్వు వచ్చును గాని అది నిజము. వాయువు తీయుట వలన గ్రోనింగెన్‌లో భూమి కంపించి, 2012లో హుయిజింగె వద్ద 3.6 తీవ్రత గల ప్రకంపనము వచ్చిన పిమ్మట ఉత్పత్తి క్రమముగా తగ్గించి, 2023 అక్టోబరు 1న నిలిపివేసిరి.

మూడవది వాసన. మాకు దీనికన్న ఆసక్తికరమైన ఉదాహరణము కానరాలేదు. సహజవాయువునకు స్వతహాగా వాసన లేదు. కారినప్పుడు ముక్కుకు తెలియవలెనని గంధకము గల ద్రవ్యము కలుపుదురు. మన సిలిండరు కారినప్పుడు వచ్చు దుర్గంధము కూడ అట్లు కలిపినదే. ఫ్రాన్సులో ఈ వాసనను దేశములోనికి వాయువు ప్రవేశించు చోటనే, పెద్ద గొట్టములలోనే కలిపెదరు. జర్మనీలో ఇండ్లకు పోవు చిన్న గొట్టముల దగ్గర మాత్రమే కలిపెదరు. వారి పెద్ద గొట్టములలోని వాయువు నిర్గంధము. జర్మనీ నుండి ఫ్రాన్సుకు పంపుటకు ఇబ్బంది లేదు, దారిలో వాసన కలుపవచ్చును. ఫ్రాన్సు నుండి జర్మనీకి పంపవలెనన్నచో గంధకపు వాసనతో కూడిన వాయువు జర్మనీ భూగర్భ నిల్వలలోనికి, రసాయన కర్మాగారములలోనికి పోవును; వారది సమ్మతింపరు. రెండు దేశములును భద్రతనే కోరుచున్నవి, రెండు పద్ధతులును సమంజసమైనవే. అయినను ఆ గొట్టము దశాబ్దముల పాటు ఒక్క దిక్కునకే పారినది. 2022లో రష్యా వాయువు తగ్గి జర్మనీ ఇరకాటమున పడిన తరువాత, వాసనతో కూడిన వాయువును స్వీకరించుటకు ఒప్పుకొని ఏర్పాట్లు చేసికొనిరి. ఆ సంవత్సరము అక్టోబరు 13న ఫ్రాన్సు నుండి జర్మనీకి మొదటిసారి గొట్టము ద్వారా తిన్నగా వాయువు పారినది. మొదట దినమునకు 31 గిగావాట్ అవర్ల మేర.

గొట్టములో చోటును అమ్ము పద్ధతి కూడ నియమావళిలో ఉన్నది. దానిని క్లుప్తముగా చెప్పి ముందుకు సాగుదుము. పూర్వము ఒక వ్యాపారి గొట్టములో ఏండ్ల తరబడి చోటు కొని, వాడక, ఇతరులను రానీయక ఉంచుకొనగలిగెను. ఇప్పుడు సరిహద్దుకు ఇరుప్రక్కల చోటును కలిపి వేలము వేయవలెను. వాడని చోటును తిరిగి అంగడికి తేవలెను. రైలు బండిలో తుండుగుడ్డ పరచి సీటు పట్టుకొనుట ఇక చెల్లదన్నమాట.

నియమముల తరువాత నిర్మాణము. 2010లో వచ్చిన వాయు భద్రతా శాసనము ప్రతి దేశమునకు ఒక లెక్క ఇచ్చినది. దానిని 'ఎన్ మైనస్ ఒకటి' అందురు. ఒక దేశమునకు 100, 60, 40 పాళ్లు వాయువు తేగల మూడు ద్వారములున్నవని అనుకొందము. వానిలో అన్నింటికన్న పెద్దదానిని కొట్టివేయుడు. మిగిలినవి 60, 40, మొత్తము నూరు. ఇరువది ఏండ్లకు ఒకసారి వచ్చునంతటి కఠినమైన చలి దినమున ఆ దేశమునకు కావలసినది 90 పాళ్లయినచో ఆ దేశము పరీక్షలో నెగ్గినది. 110 అయినచో తప్పినది. ఇంకొక గొట్టమో, నౌకాశ్రయములో ద్రవవాయు కేంద్రమో, నిల్వయో చూచుకొనవలెను. దేశముల నడుమ గొట్టములకు, ప్రత్యేక మినహాయింపు ఉన్నవి తప్ప, ఇరు దిక్కులకు పారు శక్తి ఉండవలెనని కూడ ఆ శాసనమే విధించినది.

ఈ లెక్క కాగితము మీదనే ఉండిపోలేదు. బాల్టిక్ తీర దేశములను చూడుడు. లిథువేనియా తన వాయువంతయు రష్యా నుండియే కొనుచుండెను. 2014లో క్లైపెడా రేవునకు 'ఇండిపెండెన్స్' అను పేరు గల తేలియాడు ద్రవవాయు నౌకను తెచ్చుకొన్నది. పేరులోనే వారి మనసు తెలియుచున్నది. 2020 జనవరి 1 నుండి ఫిన్లాండు, ఎస్తోనియాల నడుమ సముద్రము క్రిందుగా 77 కిలోమీటర్ల గొట్టము పనిచేసినది. 2022 మేలో లిథువేనియా, పోలండుల మధ్య గొట్టము ప్రారంభమై బాల్టిక్ దేశముల ఒంటరితనము తీరినది. 2023 అక్టోబరు 8న ఒక నౌక లంగరు ఈడ్చుకొనిపోవుటచే ఫిన్లాండు గొట్టము తెగినది. పెద్ద ద్వారము మూతపడినను ఫిన్లాండు చలికి వణకలేదు. ఇంకో రేవులో అప్పటికే మరియొక తేలియాడు నౌక నిలిచి యుండెను. లెక్కలో కొట్టివేసినది నిజముగానే కొట్టివేయబడిన ఘట్టమిది.

ఇంతవరకు మెచ్చుకొంటిమి. ఇక మా సందేహము. ఎంట్సాగ్ రెండేండ్లకొకసారి పది సంవత్సరముల నిర్మాణ ప్రణాళిక ప్రకటింపవలెను. రాబోవు కాలములో వాయువు ఎంత కావలెను, ఎచట కొరత రాగలదు, ఏ గొట్టము కట్టినచో ఆ కొరత తీరును అన్న లెక్కలు అందులో ఉండును. అది ఎవరినీ శాసింపదు. కాని అందులో చేరిన గొట్టమునకే 'ఉమ్మడి ప్రయోజనము గల నిర్మాణము' అను గుర్తింపు పొందు అర్హత. ఆ గుర్తింపు వచ్చినచో అనుమతులు త్వరగా వచ్చును, సమాఖ్య ధనసహాయమునకు దారి ఏర్పడును. ఈ ప్రణాళిక వ్రాయువారెవరు? గొట్టముల యజమానులు. వారి రాబడి కట్టిన గొట్టముల విలువ మీద లెక్కకట్టబడును. ఎక్కువ కట్టిన ఎక్కువ వచ్చును. బావి అవసరమా యని బావి త్రవ్వువానిని అడిగినట్లు కాదా? గొట్టములో ఒత్తిడి ఎంతయో, ఏ కవాటము ఎక్కడనున్నదో వారికే తెలియునన్నది నిజమే. వారిని తప్పించి ప్రణాళిక వ్రాయుట సాధ్యము కాదు. కాని తెలిసినవాడు వేరు, నిర్ణయించువాడు వేరు కావలెనని మా అభిప్రాయము.

ఈ సందేహము మాది మాత్రమే కాదు. సమాఖ్య కమిషన్ వాయువు గిరాకీని పదే పదే ఎక్కువగా అంచనా వేసినదని ఐరోపా లెక్కల తనిఖీ న్యాయస్థానము 2015లోనే వ్రాసినది. గొట్టము నలుబది ఏబది ఏండ్లు నేలలో ఉండును. వాడినను వాడకున్నను దాని ఖర్చు వినియోగదారుని బిల్లులో చేరును. ఆ బిల్లు కట్టు పింఛనుదారు వృద్ధురాలు ప్రణాళికా సమావేశములో కూర్చుండదు.

వ్యతిరేక పక్షమున కూడ ఒక ఉదాహరణము కలదు, న్యాయముగా దానిని చెప్పవలెను. స్పెయిన్ తీరమున ద్రవవాయు కేంద్రములు అనేకము కలవు గాని పిరనీస్ పర్వతములు దాటి ఫ్రాన్సుకు పోవు గొట్టములు సన్ననివి. 'మిడ్‌క్యాట్' అను పెద్ద గొట్టమును తలపెట్టిరి. దాని మొదటి భాగమును, ఖర్చునకు తగిన ప్రయోజనము కానరాదని 2019 జనవరిలో రెండు దేశముల నియంత్రణ అధికారులు త్రోసిపుచ్చిరి. మూడేండ్లు తిరిగిన కొలది దినములకే యుద్ధము వచ్చినది. ఆ గొట్టము ఉండిన బాగుండునని పలువురు వాపోయిరి. అధికారులు పొరబడిరా? అప్పటి ధరలకు వారి లెక్క సరియైనదే. ఇరువది ఏండ్లకొకసారి వచ్చు చలిని లెక్కలో చేర్చిరి గాని యుద్ధమునకు ఎంత వెల కట్టవలెనో ఏ పట్టికయు చెప్పదు.

ఆ యుద్ధపు సంవత్సరమును గూర్చి కొంత చెప్పవలెను. 2021లో సమాఖ్య దిగుమతి చేసికొన్న వాయువులో సుమారు 45 శాతము రష్యాది. 2022 ఏప్రిల్ 27న పోలండునకు, బల్గేరియాకు రష్యా సరఫరా నిలిపివేసినది. 2009లో చలికి వణకిన బల్గేరియాయే! ఈసారి పాత గొట్టములో గ్రీసు నుండి ఉత్తరముగా వాయువు పారుటకు ఏర్పాటు ఉండెను. అదిగాక 2009 నాటి సంకల్పమైన 182 కిలోమీటర్ల కొత్త గొట్టము, గ్రీసులోని కొమోటిని నుండి బల్గేరియాలోని స్టారా జగోరా వరకు, 2022 అక్టోబరు 1న పనిలోనికి వచ్చినది. సంకల్పమునకు సిద్ధికి నడుమ పదమూడేండ్లు. సెప్టెంబరు 26న బాల్టిక్ సముద్ర గర్భమున నోర్డ్ స్ట్రీమ్ గొట్టములు ప్రేలుళ్లకు గురియైనవి. ఆ చలికాలమునకు ముందు భూగర్భ నిల్వలు కనీసము 80 శాతము నింపవలెనని సమాఖ్య శాసనము చేసినది. ఆగస్టులో ధర మెగావాట్ అవరునకు 300 యూరోలు దాటినది. జనులు కూడ వాడకము తగ్గించిరి.

ఆ వేడి మన దేశమునకును తగిలినది. ఐరోపావారు ఏ ధరకైనను ద్రవవాయు నౌకలను కొనుచుండగా పేద దేశములకు నౌకలు దొరకుట కష్టమైనది. మన గెయిల్ సంస్థ 2012లో రష్యా గాజ్‌ప్రోమ్ వారి సింగపూరు శాఖతో ఏటా 25 లక్షల టన్నుల చొప్పున ఇరువది ఏండ్లకు ఒప్పందము చేసికొని యుండెను. ఆ శాఖ, గాజ్‌ప్రోమ్ వారి జర్మనీ కంపెనీ క్రింద నుండెను. 2022 ఏప్రిల్‌లో ఆ కంపెనీని జర్మనీ ప్రభుత్వము తన అధీనములోనికి తీసికొన్నది. తరువాత గెయిల్‌కు రావలసిన నౌకలు నిలిచిపోయినవి. ఇక్కడ ఎరువుల కర్మాగారములకు సైతము సరఫరా తగ్గించవలసి వచ్చినది. బెర్లినులో తీసికొన్న నిర్ణయము మన యూరియా బస్తా దాక వచ్చుట విద్యార్థులు గమనింపదగినది.

2025 జనవరి 1న ఉక్రెయిను మీదుగా రష్యా వాయు రవాణా ఒప్పందము ముగిసి, 2009లో రెండు వారములు మూతపడిన ఆ మార్గము ఆగిపోయినది. ఈమారు నడి శీతకాలములోనే జరిగినను సమాఖ్య దేశములు ఇతర ద్వారముల నుండి తెచ్చుకొన్నవి. గొట్టములు కట్టు ఉత్సాహము ఇప్పుడు వేరు దారి పట్టినది. 2022లో సవరించిన శాసనము ప్రకారము సహజవాయు గొట్టములకు ఉమ్మడి ప్రయోజన గుర్తింపు కొత్తగా ఇయ్యరు. మిడ్‌క్యాట్ స్థానమున బార్సిలోనా నుండి మార్సేయి వరకు సముద్రము క్రిందుగా హైడ్రోజన్ గొట్టము తలపెట్టిరి. 2024లో వచ్చిన శాసనము హైడ్రోజన్ గొట్టములకు వేరొక సంఘమును ఏర్పరచి, ఆ ప్రణాళికను దాని చేతికి అప్పగింపజూచుచున్నది. ఆ సంఘ సభ్యులు కూడ గొట్టములు నడుపువారే. ఎంత హైడ్రోజన్ కావలెనో, అది ఎక్కడ తయారగునో ఇంకను అంచనాలలోనే ఉన్నది. దాని అణువు మిక్కిలి చిన్నది, సందు దొరికిన చోట కారును, కొన్ని ఉక్కులను పెళుసుబార్చును. దానికి కూడ స్వతహాగా వాసన లేదు. దానిలో వాసన కలుపవలెనా, కలిపినచో సరిహద్దునకు ఏ ప్రక్కన కలుపవలెను అన్నది ఫ్రాన్సు, జర్మనీలు మరల కూర్చుండి తేల్చుకొనవలసి యున్నది.